పాదనాడి : కాలి ధమనుల వ్యాధిని గూర్చి

కాలు నొప్పియని మందుల అంగడికి పోయినవారు నంద్యాలలోనైనను, ఆళ్ళగడ్డలోనైనను సాధారణముగా చెప్పు మాట ఒక్కటే: "నరం లాగుతోంది." ఉర్దూ మాటలాడు ఇండ్లలో నరమునకు బదులు "నస్" అను మాట వచ్చును, తక్కిన వాక్యార్థమంతయు అదియే. నరముల బలమునకని ఒక అట్ట మాత్రలు చేతికి వచ్చును. నెల దినములు మ్రింగినను నొప్పి తగ్గదు. అప్పుడు ఇంటిలోని పెద్దలు వయసు మీద పడినదని సరిపెట్టుకొని, నడక తగ్గించుకొందురు. నడక తగ్గగానే నొప్పియు తగ్గినట్లుండును. రోగము నయమైనదని అందరును సంతోషింతురు. నిజమునకు రోగము నయము కాలేదు. దానిని బయటపెట్టు పని మాత్రము ఆగిపోయినది.

ఆ నొప్పి కాలి ధమనుల వ్యాధి వలన వచ్చినదై యుండవచ్చును. దానిని గూర్చి మన రెండు భాషలలోను తెలిసిన సామాన్యులు మిక్కిలి తక్కువ. గుండెపోటు అన్నచో అందరికిని తెలియును. పక్షవాతము అన్నచో తెలియును. ఆ రెంటికిని మూలమైన మార్పే కాలిలోను కలుగునని మాత్రము తెలియదు. దీనికి ఒక కారణము భాషలోనే యున్నదని మా అభిప్రాయము. ఉర్దూ, తెలుగు ఒక్క కప్పు క్రింద చదువబడు మన కళాశాలలో ఆ సంగతి చెప్పుట ఉచితమని తలచి ముందుగా మాటలను గూర్చి వ్రాయుచున్నాము.

శరీరమున దారములవలె వ్యాపించినవి మూడు గలవు. గుండెనుండి రక్తమును అవయవములకు కొనిపోవునవి ధమనులు. ఆ రక్తమును తిరిగి గుండెకు చేర్చునవి సిరలు. మెదడు ఆజ్ఞలను కండరములకును, చర్మము తెలిసికొనిన వేడి, నొప్పి, స్పర్శలను మెదడునకును చేరవేయునవి జ్ఞానతంతువులు. వీనిలో రక్తము ప్రవహింపదు. ఉర్దూ వైద్యగ్రంథములలోను ఈ మూడింటికి వేరువేరు పేర్లున్నవి: ధమని శిర్యాన్, సిర వరీద్, జ్ఞానతంతువు అసబ్. పండితుల గ్రంథములలో ఇంత స్పష్టముగానున్న భేదము బజారులోనికి వచ్చునప్పటికి మాయమైనది. తెలుగువారికి మూడును నరములే. ఉర్దూవారికి మూడును నస్‌లే. చేతిపై నీలముగా ఉబ్బి కనబడునది నరము, తిమ్మిరి ఎక్కినది నరము, మెదడులో చిట్లినది నరము! కావున కాలిలోని ధమని మూసికొనినవానికి జ్ఞానతంతువుల బలమునకు మాత్రలు దొరకుటలో ఆశ్చర్యమేమున్నది?

ఈ భేదమును తెలిసికొనుటకు మానవజాతికి చాలకాలమే పట్టినది. ధమనులలో గాలి యుండునని పూర్వపు గ్రీకులలో కొందరు తలచిరి. గుండె కుడివైపునుండి ఎడమవైపునకు రక్తము ఊపిరితిత్తుల మార్గముననే పోవుచున్నదని 13వ శతాబ్దమున డమాస్కసులో పుట్టి కైరోలో వైద్యము చేసిన ఇబ్న్ అల్ నఫీస్ వ్రాసెను. రక్తము శరీరమంతటను తిరిగి మరల గుండెకు వచ్చుచున్నదని ఇంగ్లండు దేశపు విలియం హార్వే 1628లో నిరూపించెను. మన ఉర్దూ విద్యార్థులు మొదటి పేరును, విజ్ఞానశాస్త్ర విద్యార్థులు రెండవ పేరును ఎరుగుదురు. రెండు పేర్లను కలిపి చదివినవారు కొలదిమంది.

ఇక వ్యాధి స్వరూపము. దానిని మన ప్రాంతమువారికి చెప్పుటకు కె.సి. కాలువకంటె మంచి ఉపమానము లేదు. తుంగభద్రపై సుంకేశుల వద్ద బయలుదేరిన నీరు కర్నూలు, నంద్యాల ప్రాంతములు దాటి కడపవైపు పోవుచున్నది. కాలువలో పూడిక చేరినప్పుడు ముందుగా ఎండునది ఎవరి పొలము? తల దగ్గరి రైతుకు ఏమియు తెలియదు. ఆయకట్టు చివరనున్న రైతు పైరు వాడును. మన శరీరమున ఆయకట్టు చివరి భూమి పాదము. గుండెకు అంతకంటె దూరముగా నున్న అవయవము వేరొకటి లేదు. ధమని లోపలి గోడలో కొవ్వు, సున్నము మొదలగునవి ఏండ్ల తరబడి పేరుకొని దారి ఇరుకగును. కూర్చున్నప్పుడు కాలి కండరములకు కావలసిన రక్తము కొంచెమే. ఇరుకుదారిన వచ్చునది చాలును. నడచునప్పుడు ఆ కండరములకు అంతకు ఎన్నో రెట్లు రక్తము కావలయును. అది అందనప్పుడు పిక్క పట్టివేయును. ఉర్దూలో పిండ్లీ అని చెప్పబడు చోటు అదియే.

ఈ నొప్పికి ఒక క్రమమున్నది. ఆ క్రమమే దానిని పట్టియిచ్చును. ఒక రైతు ఆళ్ళగడ్డ బస్టాండున దిగి అంగడి వీధికి నడచుచున్నాడని అనుకొందము. రెండువందల గజములు నడచువరకు ఏమియు లేదు. అటుపిమ్మట పిక్క బిగుసుకొనును. నిలువబడును. రెండు మూడు నిమిషములలో, కూర్చుండకయే, నొప్పి తీరును. మరల నడచును, మరల రెండువందల గజములకే నొప్పి వచ్చును. ఎత్తెక్కునప్పుడు ఇంకను ముందుగా వచ్చును. నేడును, రేపును, ఎల్లుండియు ఇంచుమించు అంతే దూరము. మనుజుడు సిగ్గుపడి, నిలువబడినప్పుడెల్ల అంగడిలోని సరకులు చూచుచున్నట్లు నటించును. పాశ్చాత్య దేశములలో దీనిని అంగళ్ళ కిటికీల జబ్బని పరిహాసముగా చెప్పుదురట. నొప్పి పిక్కలో వచ్చినచో సాధారణముగా తొడలోని ధమనియు, పిరుదులోను తొడలోను వచ్చినచో కటిభాగమునందలి ధమనియు ఇరుకైనదని వైద్యులు గ్రహింతురు.

ఈ లక్షణమును మొదట గుర్తించినది మనుష్యునియందు కాదు, గుఱ్ఱమునందు. 1831లో బూలే అను ఫ్రెంచి పశువైద్యుడు, బండి లాగు ఒక గుఱ్ఱము కొంత దూరము పోయి కుంటుటయు, నిలిపినచో సర్దుకొనుటయు చూచి, దాని వెనుక కాళ్ళ ధమనులు మూసికొనియుండుట కనుగొనెను. 1858లో షార్కో అను వైద్యుడు మనుష్యునియందు దానినే వర్ణించెను. లాటిను భాషలో కుంటుట అను అర్థముగల మాటనుండియే ఆ నొప్పికి వైద్యశాస్త్రమున పేరు వచ్చినది.

కాలు నొప్పులన్నియు ఇదియే యని మేము చెప్పుట లేదు. అట్లు భయపడుటయు తప్పే. మోకాళ్ళ అరుగుదల గలవానికి మొదటి అడుగుననే నొప్పియుండును; నిలువబడినను వెంటనే తీరదు. వెన్నెముకలో తంతువులు ఒత్తుకొనుటచే వచ్చు నొప్పియు నడకలోనే వచ్చును గాని, నిలువబడుటచే పోదు. కూర్చుండవలయును, లేదా ముందునకు వంగవలయును. మధుమేహమువలన జ్ఞానతంతువులు చెడినవారికి రాత్రులందు అరికాళ్ళు మంటలెత్తును, చీమలు ప్రాకినట్లుండును. దానికిని నడకకును సంబంధము లేదు. ఉబ్బు సిరలు గలవారికి దీర్ఘకాలము నిలువబడినచో కాలు బరువెక్కి, కాళ్ళు ఎత్తుగా పెట్టుకొనినచో హాయిగా నుండును. ధమనుల వ్యాధి ముదిరినవారికి దీనికి వ్యతిరేకము: కాలు ఎత్తిన కొలది నొప్పి హెచ్చును, క్రిందికి వ్రేలాడదీసినచో తగ్గును.

ఈ చివరిమాట ముఖ్యమైనది. 1954లో ఫోంటేన్ అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఈ వ్యాధిని నాలుగు దశలుగా విభజించెను. మొదటిదానిలో బాధ లేదు. రెండవదానిలో నడకలో నొప్పి. మూడవదానిలో పండుకొనియున్నను నొప్పి. నాలుగవదానిలో మానని పుండు, నల్లబడిన వ్రేలు. మూడవ దశలోని మనుజుడు రాత్రి మంచముపైనుండి కాలు క్రిందికి వ్రేలాడవేసికొని నిద్రించును, లేదా అర్ధరాత్రి లేచి గదిలో పచారు చేయును. ఇంటివారు దానిని ముసలితనపు చాదస్తమని అనుకొందురు. అది చాదస్తము కాదు; భూమ్యాకర్షణ సాయముతో పాదమునకు నాలుగు చుక్కల రక్తమును దింపుకొనుటకై ఆ దేహము కనిపెట్టిన ఉపాయము. మన ఇండ్లలో అట్లు నిద్రించు వృద్ధులున్నచో వైద్యునివద్దకు కొనిపోవుటకు వారములు ఆలోచింపరాదు.

అయినను నడకలో నొప్పి కనబడుట ఒక విధముగా అదృష్టము. ఈ వ్యాధి గలవారిలో చాలమందికి అట్టి స్పష్టమైన నొప్పియే యుండదు. మధుమేహముచే స్పర్శ పోయినవారికి నొప్పి తెలియదు. నడువనివారికి నొప్పి రాదు. నడువనివారెవరు? ముఖ్యముగా ఇంటిలోనుండు స్త్రీలు. వంటయింటినుండి వాకిటికి, వాకిటినుండి వంటయింటికి నడచునది పదియడుగులే. దానికి చాలినంత రక్తము ఇరుకు ధమనియు ఇయ్యగలదు. ఆమె బయటికి వచ్చినప్పుడు గుమ్మమునకే ఆటో వచ్చును. ఆమె కాలి సంగతి బయటపడునది చెప్పుకాటు పుండైన నాడే. ఈ వ్యాధిని గూర్చిన ప్రచారములలో ధూమపానము చేయు మగవాని బొమ్మయే తరచుగా కనబడును. అందువలన స్త్రీల విషయమున ఎవరికిని అనుమానమే కలుగదు. మా దృష్టిలో ఇది చాల పెద్ద లోపము.

ఎవరికి వచ్చునను ప్రశ్నకు జవాబు పొడుగైనది కాదు. పొగాకు త్రాగువారు, మధుమేహులు, రక్తపుపోటు గలవారు, రక్తములో కొవ్వు హెచ్చినవారు, మూత్రపిండముల వ్యాధి గలవారు, వయసు మీరినవారు. ఇందు పొగాకును, మధుమేహమును మొదటి పీటపై కూర్చుండబెట్టవలయును. భారత వైద్య పరిశోధన మండలివారి సర్వే 2023లో ప్రచురితమైనది. దాని ప్రకారము మన దేశమున మధుమేహులు 10 కోట్లకు పైగా నున్నారు. మదరాసు నగరమున జరిగి 2000లో ప్రచురితమైన ఒక సర్వేలో మధుమేహులలో నూటికి ఆరుగురికి పైగా కాలి ధమనుల వ్యాధి కనబడినది. మధుమేహము లేనివారిలో నూటికి ముగ్గురికంటె తక్కువ. ప్రపంచము మొత్తముమీద 2010 నాటికి ఈ వ్యాధిగ్రస్తులు 20 కోట్ల మందియని ఒక అంచనా. వారిలో మూడింట రెండు వంతులకు పైగా ధనికదేశములవారు కారు, మనవంటి దేశములవారు. ధనికుల జబ్బని దీనిని త్రోసివేయుటకు వీలులేదు.

బీడీ త్రాగు యువకులకు వేరొక హెచ్చరిక గలదు. కొవ్వు పేరుకొనుటతో సంబంధములేక, కాళ్ళుచేతులలోని చిన్న ధమనులును సిరలును వాచి మూసికొనిపోవు వ్యాధి యొకటున్నది. 1879లో వినివార్టర్ దానిని మొదట వర్ణించెను. 1908లో న్యూయార్కునందు లియో బర్గర్ విపులముగా వ్రాసినందున ఆయన పేరుననే ప్రసిద్ధమైనది. అది సాధారణముగా ఏబది యేండ్లలోపు వయసున, పొగాకు వాడువారికే వచ్చును. మన దేశమున బీడీ త్రాగువారిలో దీనిని వైద్యులు చాలకాలమునుండి చూచుచున్నారు. ఇరువదియైదు, ముప్పది యేండ్లవాడు ఒక్కొక్క వ్రేలే పోగొట్టుకొనును. దీనికి మందు ఒక్కటే: పొగాకును పూర్తిగా మానుట. దినమునకు పది బీడీలను రెండుగా తగ్గించుట చాలదు. బీడీ మాని ఖైనీ నమలుటయు చాలదు. వ్యాధి ధూమపానమును, నమలుటను వేరుగా చూడదు.

ఇప్పుడు మా వ్యాసమునకు పేరైన సంగతికి వచ్చుచున్నాము. హకీము నబ్జ్ చూచును. ఆయుర్వేద వైద్యుడు నాడి చూచును. డాక్టరు పల్సు చూచును. ముగ్గురును పట్టుకొనునది మణికట్టునే. కాలికిని నాడి యున్నదని రోగికి తోచదు. తోచనందున చూడుమని అడుగడు. కాలి నాడిని చూచుటకు యంత్రములు అవసరము లేదు. రెండు చోట్లు గుర్తుంచుకొనవలయును. మొదటిది పాదము పైభాగమున: బొటనవ్రేలికిని రెండవ వ్రేలికిని నడుమనున్న సందునుండి చీలమండవైపు వ్రేళ్ళు జరుపుకొనుచు పోయినచో, పాదపు నడిమి ఎత్తు దగ్గర మెల్లగా కొట్టుకొనునది దొరకును. రెండవది చీలమండ లోపలివైపు ఎముకకు వెనుక, ఆ ఎముకకును మడమకును నడుమనున్న పల్లములో. చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు మెత్తగా ఆనించవలయును. బొటనవ్రేలితో చూడరాదు, దాని నాడియే మనకు తెలిసి మోసగించును. గట్టిగా నొక్కరాదు, నొక్కినచో ఉన్న నాడియు ఆగిపోవును. చల్లని గదిలో, చన్నీళ్ళతో కాళ్ళు కడిగిన వెంటనే చూచినచో దొరకుట కష్టము.

ఆరోగ్యవంతులలోను కొందరికి పాదముపై నాడి పుట్టుకతోనే అందదు. కావున ఒక్కటి దొరకలేదని బెదరనక్కరలేదు; చీలమండ వెనుకది చూడవలయును. రెండును దొరకనప్పుడు, లేదా ఒక కాలికి దొరకి రెండవ కాలికి దొరకనప్పుడు, వైద్యపరీక్ష అవసరము. దానితోపాటు రెండు పాదముల వేడిని అరచేతి వెనుకభాగముతో పోల్చి చూడవచ్చును. ఒక పాదము చల్లగా, పాలిపోయి, వెండ్రుకలు రాలి, చర్మము నున్నగా మెరయుచున్నచో అనుమానము బలపడును.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ప్రీతికరమైన పరీక్ష వేరొకటున్నది. రక్తపుపోటు కొలుచు పట్టీని చేతికి కట్టినట్లే చీలమండకు పైన కట్టి, శబ్దతరంగములతో పనిచేయు డాప్లర్ అను చిన్న పరికరముతో కాలి ధమనిలోని పోటును కొలుతురు. రెండు చేతులలో హెచ్చుగా నున్న సంఖ్యతో చీలమండ సంఖ్యను భాగింతురు. చేతిలో 140, చీలమండవద్ద 98 వచ్చినదనుకొందము. 98ని 140తో భాగించినచో 0.70. ఈ భాగఫలము 1.00 మొదలు 1.40 వరకు నున్నచో సరియైనది. 0.90 గాని, అంతకు తక్కువ గాని యైనచో కాలి ధమనుల వ్యాధి యున్నట్లే. నడుమనున్నది అనుమానాస్పదము. 1.40 దాటినచో ఇంకను మంచిదని పొరబడరాదు. మధుమేహుల ధమనులు సున్నముపట్టి గట్టిపడి, పట్టీకి లొంగకుండుటచే సంఖ్య అబద్ధముగా పెరుగును. అట్టివారికి బొటనవ్రేలి పోటును కొలుతురు. ఇంతటి గంభీరమైన వ్యాధిని ఒక్క భాగహారముతో పట్టుట వైద్యశాస్త్రములోని అందమైన సంగతులలో ఒకటియని మాకు తోచును.

వ్యాధి యున్నదని తెలిసినంతమాత్రమున కాలు పోవునని కాదు. నడకలో నొప్పి గలవారిలో ఎక్కువమందికి కాలు నిలుచును. వారికి హెచ్చు ప్రమాదము గుండెపోటు, పక్షవాతము; ఏలయన కాలిలో పూడిక చేరినవానికి గుండెలోను, మెదడునకు పోవు ధమనులలోను చేరియుండుట సామాన్యము. కాలి నొప్పి పెద్ద ఆపదకు ముందుగా వచ్చిన తంతివంటిది. అందుచేతనే వైద్యులు పొగాకు మాన్పింతురు. చక్కెరను, రక్తపుపోటును అదుపునకు తెత్తురు. కొవ్వు తగ్గుటకును, రక్తము గడ్డకట్టకుండుటకును మందులిత్తురు. వీనిని వైద్యుని మాటపైననే వాడవలయును. పొరుగువాని చీటీ చూచి కొనరాదు.

నడకయే మందనుట వినువారికి వింతగా నుండును. నడచినచో నొప్పి వచ్చుచున్నదని మొరపెట్టుకొనువానిని నడువుమనుటయే గదా! అయినను ఇది పరీక్షలలో తేలిన విషయము. నొప్పి బాగుగా హెచ్చువరకు నడచి, నిలిచి, తీరిన పిదప మరల నడచుచు, ఒక్కొక్కసారి 30 మొదలు 45 నిమిషములు, వారమునకు కనీసము 3 సార్లు, కనీసము 12 వారములు చేసినచో నొప్పిలేక నడచు దూరము పెరుగును. పుండు గలవారును, పండుకొనియున్నను నొప్పి గలవారును దీనిని చేయరాదు. వారికి ధమనిని తెరచు చికిత్స కావలయును. 1948లో పారిసునందు కున్లిన్, రోగి కాలిలోని సిరనే తీసి మూసికొనిన ధమనికి ప్రక్కదారిగా కుట్టెను. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమున చార్లెస్ డాటర్, కాలు తీసివేయుటకు ఒప్పుకొనని 82 ఏండ్ల వృద్ధురాలి తొడ ధమనిని లోపలినుండి గొట్టములతో వెడల్పు చేసెను. ఆమె తన కాళ్ళపైననే నడచి ఇంటికి పోయెను. నేడు గుండెకు చేయు బెలూను చికిత్స ఆ కాలినుండియే పుట్టినదని చాలమందికి తెలియదు.

తత్క్షణము గుర్తింపవలసిన సందర్భము ఒకటున్నది. అకస్మాత్తుగా ఒక కాలు తెల్లబడి, చల్లబడి, తీవ్రమైన నొప్పి పుట్టి, స్పర్శ తప్పి, కదలిక మందగించినచో ధమనిలో గడ్డ అడ్డుపడినదని అర్థము. అప్పుడు వ్యవధి దినములు కాదు, గంటలే. సుమారు ఆరు గంటలు దాటిన కొలది కాలి కండరములు చచ్చిపోవును. ఆళ్ళగడ్డనుండి నంద్యాలకు ఇంచుమించు 40 కిలోమీటర్లు. నంద్యాలనుండి కర్నూలునకు సుమారు 70. కాపడము పెట్టుచు, తైలము రాయుచు ఉదయమువరకు చూతమనువారు ఆ గంటలను ఇంటిలోనే ఖర్చు చేయుచున్నారు. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఇక్కడనే ప్రారంభమైనది. దగ్గరి పెద్ద ఆసుపత్రికి వెంటనే పోయి, రక్తనాళముల శస్త్రవైద్యుడున్న చోటికి పంపవలయునో లేదో అక్కడ నిర్ణయింపజేసికొనుట క్షేమము.

మన ప్రాంతపు అలవాట్లలో పాదములకు మేలు చేయునవియు, కీడు చేయునవియు రెండును గలవు. దేవాలయమునకు, మసీదునకు పాదరక్షలు విడిచి పోవుట మన మర్యాద. ఆ మర్యాదను మేము ప్రశ్నింపము. కాని నంద్యాల వేసవిలో ఎండ 45 డిగ్రీలు తాకునప్పుడు మహానందిలోనైనను, అహోబిలములోనైనను, మసీదు ముంగిటనైనను బండరాయి నిప్పువలె కాలును. స్పర్శ తప్పిన మధుమేహి దానిపై నిలువబడినచో కాలినట్లు తెలియదు. ఇంటికి వచ్చి బొబ్బను చూచును. రక్తము చాలని పాదముపై ఆ బొబ్బ మానదు. అట్టివారు ఉదయమో, సాయంకాలమో దర్శనమునకు పోవుటయు, మేజోళ్ళు తొడుగుటయు మంచిది. వేడినీళ్ళ సంచితో కాపడము, ఆనెలను బ్లేడుతో కోయుట, పుండుపై పసరు పోసి కట్టి వారముదాక విప్పకుండుట, ఇవి కాళ్ళను తీసిన అలవాట్లు.

మేలు చేయు అలవాటు వజూ. నమాజునకు ముందు దినమునకు ఐదుమార్లు పాదములు కడుగు నియమమున్నవారికి, ఐదుమార్లు పాదము చూచుకొను అవకాశము వచ్చుచున్నది. వ్రేళ్ళ సందులను వ్రేలితో రాచునప్పుడు అక్కడ చీలిక, పుండు, రంగు మార్పు ఉన్నదేమో చూచి, తరువాత గుడ్డతో పొడిగా తుడిచినచో అంతకంటె మంచి పాదరక్షణ లేదు. ఇంటికి రాగానే కాళ్ళు కడిగికొని లోపలికి పోవు తెలుగువారి ఆచారమునకును ఇదియే వర్తించును. నీరు పోసికొనుట రెండు చోట్లను ఉన్నది. చూపు నిలుపుటయే కొరత.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఈ క్రిందిది. ఏటేట జరుగు జాతీయ సేవాపథకము శిబిరములలో ఒక దినమును పాదపరీక్షకు కేటాయింపవలయును. నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినము గనుక ఆ వారము అనుకూలముగా నుండును. జంతుశాస్త్ర శాఖవారు విద్యార్థులకు నాడి చూచుట నేర్పగలరు. వైద్యుడు ఒకరు ప్రక్కననున్న చాలును. ఉర్దూ, తెలుగు శాఖలవారు కలిసి ఒకే కాగితమునకు రెండువైపుల రెండు లిపులలో కరపత్రము వ్రాయవలయును. అందులో నరము, నస్ అను మాటలను వాడక, ధమని, శిర్యాన్ అను మాటలనే బొమ్మతో సహా పరిచయము చేయవలయును. విద్యాసంస్థలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి కేంద్ర చట్టమున్నది. టేపు పట్టుకొని మన ద్వారమునుండి ఆ 100 గజములు కొలుచుటకు కమిటీవారే ఒకనాడు బయలుదేరినచో విద్యార్థులు వెంట వత్తురు.

ఒక్క శిబిరము నంద్యాలలోను, ఒకటి ఆళ్ళగడ్డలోను పెట్టుట న్యాయము. ఆళ్ళగడ్డ శిల్పులు దినమంతయు రాతిముందు కూర్చుండి పనిచేయుదురు. చాలసేపు మడిచియుంచుటచే పట్టు తిమ్మిరి వారికి నిత్యానుభవము గనుక, అసలు వ్యాధి వచ్చినను తిమ్మిరియేయని అనుకొను ప్రమాదము వారికి హెచ్చు. తిమ్మిరి లేచి నాలుగడుగులు వేసినచో పోవును. ధమనుల నొప్పి అడుగులు వేసినచో వచ్చును. ఈ ఒక్క భేదము చెప్పిన చాలును.

శిబిరమున అడుగు ప్రశ్నలు కఠినముగా నుండరాదు. ఇంటి భాషలో అడుగవలయును. (మన సీమలో అబ్బ యన్న తాత, ఉర్దూ ఇండ్లలో అబ్బా యన్న తండ్రి. ఇద్దరికిని ఈ ప్రశ్నలు పనికివచ్చును.) "అబ్బా, ఎంత దూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది? నిలబడితే పోతుందా, కూర్చుంటేనే పోతుందా? పోయినేడు ఎంత దూరం నడిచేవాడివి?" జేజిని, నానీని అడుగవలసినది వేరు: "బజారుకు నడిచి ఎన్నాళ్ళయింది? ఎందుకు మానేశావు?" బీడీ, ఖైనీ, చక్కెరల సంగతి తరువాత అడుగవలయును; ముందే అడిగినచో మందలించుటకు వచ్చినారని మాట దాచుదురు. పిమ్మట మేజోళ్ళు విప్పించి, వ్రేళ్ళ సందులు చూచి, రెండు పాదముల నాలుగు నాడులను చూచి, దొరకినచో ఒక గీత, దొరకనిచో సున్న వ్రాయవలయును. రాత్రి కాలు వ్రేలాడవేసికొని నిద్రించువారును, రెండు వారములకు మానని పుండు గలవారును, నల్లబడిన వ్రేలు గలవారును కనబడినచో వారి పేర్లను వేరు కాగితముపై వ్రాసి ఆనాడే ఆసుపత్రికి పంపవలయును. సున్నలు వచ్చిన తక్కినవారిని ఆ వారములోపల పంపిన చాలును.